స్కాన్ నార్మల్ వచ్చినా ఫిట్స్ ఎందుకు వస్తాయి? పొద్దున్నే చేతిలోంచి టీ గ్లాసు జారిపోవడానికీ దీనికీ ఏమిటి సంబంధం?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకూ అర్థమవుతుంది. మీ చెల్లెలికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షల ముందు రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున ఆరున్నరకు పళ్లు తోముకుంటూ పెద్దగా అరిచి పడిపోయింది, ఒళ్లంతా బిగుసుకుంది, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక పక్కన కొరుక్కుంది, లేచాక కూడా పావుగంట దాకా ఎవరినీ గుర్తుపట్టలేదు. ఎంఆర్ఐ నార్మల్. కార్బమజెపిన్ మాత్రలు రాశారు. అవి మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దునపూట చేతులు ఉలిక్కిపడటం ఎక్కువైంది, టీ గ్లాసు రెండుసార్లు చేజారింది. ఏ కారణమూ కనపడకుండా ఇవి ఎందుకు వచ్చాయి, ఇందులో ఎన్ని రకాలు, రేపు పెళ్లికి ఇబ్బందా అని మీ అమ్మగారు అడుగుతున్నారు.

నేను న్యూరాలజిస్టుని, ఇరవై ఏళ్లకు పైగా ఫిట్స్ పేషెంట్లను చూస్తున్నాను. మొదట ఒక మాట. ఇది చదివి మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కానీ ఆ ఉలికిపాట్ల సంగతి మీ డాక్టరు గారికి రేపే చెప్పండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగకండి. ఎందుకో చెప్పాలంటే ఫిట్స్ రకాల గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనపడింది పెద్ద ఫిట్ కాదు, "ఉలిక్కిపడటం ఎక్కువైంది" అన్న మాట. ఎక్కువైంది అంటే అంతకుముందు కూడా కొద్దిగా ఉన్నట్టే కదా? మీ చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. గత ఏడాది రెండేళ్లలో నిద్ర లేచిన గంటలోపు చెయ్యి విదిలించినట్టు అయ్యేదా, దువ్వెన ఎగిరి పడేదా, బ్రష్ జారేదా, రాస్తుంటే పెన్ను గీత పక్కకు పోయేదా అని. నా దగ్గరికి వచ్చే ఈ వయసు పిల్లల్లో చాలామంది ఇది చెప్పరు. దాచాలని కాదు, ఇదొక జబ్బు లక్షణం అని వాళ్లకు తట్టదు అంతే. "దాని చేతిలో వస్తువు నిలవదు సార్, చిన్నప్పటి నుంచీ పరధ్యానం" అంటుంది తల్లి. ఒకమ్మాయి తల్లి నా గదిలో నా టేబుల్ మీది స్టీలు గ్లాసు తీసుకుని, కూతురి చెయ్యి ఎలా కదులుతుందో చేసి చూపించింది. రెండు భుజాలూ ఒక్క క్షణం పైకి ఎగిరాయి, గ్లాసులో నీళ్లు నా కాగితాల మీద పడ్డాయి. ఆ ఒక్క క్షణంలో రోగం పేరు తెలిసిపోయింది. అంతకుముందు రెండేళ్లలో ఆ అమ్మాయికి రెండు స్కాన్లు తీశారు, ఆ కదలిక గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

అసలు ఫిట్ అంటే ఏమిటి? మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి, ఒకదానితో ఒకటి సన్నని విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. మామూలుగా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లే మాట్లాడతారు, సంకేతాన్ని ముందుకు నెట్టే కణాలు ఉంటాయి, ఆపేవీ ఉంటాయి. ఆ ఆపే బలం తగ్గినా, నెట్టే బలం పెరిగినా, ఒక గుంపు కణాలు ఒకేసారి, ఒకే లయలో కేకలు పెట్టడం మొదలుపెడతాయి. అదే ఫిట్. ఆ గుంపు మెదడులో ఎక్కడుందో దాన్నిబట్టి బయటికి కనిపించేది మారుతుంది. చేతిని కదిలించే చోట ఉంటే చెయ్యి కొట్టుకుంటుంది, చూపు చోట ఉంటే రంగురంగుల వెలుగులు కనిపిస్తాయి, జ్ఞాపకాల చోట ఉంటే ఎప్పుడూ చూడని ఊరు ఇదివరకే చూసినట్టు అనిపిస్తుంది. అందుకే "ఫిట్స్ అంటే పడిపోయి నురగ కక్కడం" అన్న లెక్క తప్పు, అది చాలా రకాల్లో ఒకటి మాత్రమే. మన పాతవాళ్లు దీన్ని అపస్మారం అన్నారు, అంటే స్మృతి తప్పడం. స్మృతి అసలు తప్పని ఫిట్స్ కూడా ఉన్నాయి.

ఐఎల్ఏఈ అనే అంతర్జాతీయ సంస్థ 2017లో వీటి వర్గీకరణను తిరగరాసింది, ఈ మధ్య మళ్లీ కొన్ని మార్పులు చేసింది కానీ మూల ప్రశ్న మారలేదు. ఫిట్ ఎక్కడ మొదలైంది? మెదడులో ఒక చోట మొదలైతే ఫోకల్. రెండు వైపులా ఒకేసారి మొదలైతే జనరలైజ్డ్. ఎవరూ చూడలేదు, చెప్పలేకపోతున్నాం అంటే తెలియని రకం అని రాసుకుంటాం, మర్నాడు సమాచారం దొరికితే మారుస్తాం. పాత చీటీల్లో గ్రాండ్ మాల్, పెటిట్ మాల్ అని ఉంటుంది, కంగారు పడకండి, అవి పాత పేర్లు.

ఫోకల్‌తో మొదలుపెడతాను, పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చేది, ఎక్కువగా పొరబడేది ఇదే. ఒకావిడ వంట చేస్తూ చేస్తూ ఆగిపోతుంది. కడుపులోంచి ఏదో గొంతులోకి ఎగదన్నినట్టు ఉంటుంది, కారణం లేని భయం వేస్తుంది. తర్వాత ఒక నిమిషం చూపు ఒకచోటే నిలబడిపోతుంది, నోట్లో ఏదో నములుతున్నట్టు చప్పరిస్తుంది, చేత్తో కొంగు చివర నలుపుతూ ఉంటుంది. పిలిస్తే పలకదు. కాసేపటికి "ఏమైంది?" అంటుంది, పొయ్యి మీద కూర మాడిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, మనసు బాగాలేదంటారు, తాయెత్తు కడతారు. అది టెంపోరల్ లోబ్, అంటే కణత వెనక ఉన్న మెదడు భాగం, అక్కడ పుట్టే ఫిట్. తెలివి పోకుండా ఆ కడుపులోంచి ఎగదన్నడం మాత్రమే వస్తే అది కూడా ఫిట్టే, దాన్ని "గ్యాస్" అని ఏళ్ల తరబడి యాంటాసిడ్ తాగినవాళ్లను చూశాను. ఇంకొందరికి బొటనవేలు దగ్గర మొదలై చెయ్యి, భుజం, మూతి దాకా కొట్టుకోవడం పాకుతుంది. ఆగాక ఆ చెయ్యి కొన్ని గంటలు చచ్చుబడి ఉంటుంది, పక్షవాతం అనుకుని పరిగెత్తుకొస్తారు. పరిగెత్తుకు రావడం మంచిదే, అదేదో తేల్చాల్సింది డాక్టరు. ఫ్రంటల్ లోబ్, అంటే నుదుటి వెనక ఉన్న భాగం, అక్కడి నుంచి వచ్చేవి ఎక్కువగా నిద్రలో వస్తాయి, మంచం మీద సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించడం, అరవడం, అరనిమిషంలో ఆగిపోవడం. ఇవన్నీ ఒకచోట మొదలైనా మెదడంతా పాకితే చివరికి పెద్ద ఫిట్‌గా మారతాయి. ఇక్కడే తిరకాసు ఉంది. చూసినవాళ్లకు చివరి పెద్ద ఫిట్ ఒక్కటే గుర్తుంటుంది, మొదటి పది సెకన్లు గుర్తుండవు. రకం తెలిసేది ఆ పది సెకన్లలోనే.

జనరలైజ్డ్‌లో మీ చెల్లెలికి వచ్చిన పెద్ద ఫిట్ అందరికీ తెలిసినది. ముందు బిగుసుకోవడం, ఊపిరి గట్టిగా బయటికి వచ్చేటప్పుడు ఆ అరుపు, తర్వాత లయగా కొట్టుకోవడం, మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగడం. తెలియనిది ఆబ్సెన్స్ రకం. బడికి వెళ్లే పిల్లలు, అయిదు నుంచి పదేళ్ల వయసు, మాట మధ్యలో పది సెకన్లు ఆగిపోతారు, కనురెప్పలు కొంచెం ఆడతాయి, మళ్లీ ఆగిన చోటు నుంచే మాట్లాడతారు. రోజుకు పదుల సార్లు రావచ్చు. టీచరు "క్లాసులో కలలు కంటాడు" అని డైరీలో రాస్తుంది. మేం పిల్లవాడిని రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాం, కాగితం గాలిచక్రాన్ని ఊదమంటాం, చాలాసార్లు మా కళ్ల ముందే వచ్చేస్తుంది. అప్పుడు ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ సంకేతాలను గీసి చూపించే పరీక్షలో, సెకనుకు మూడు చొప్పున ఎత్తుపల్లాలు వరసగా నడుస్తాయి, ఒకసారి చూస్తే మరిచిపోలేరు. ఒక్కసారిగా పట్టు తప్పి కూలబడే రకం, ఒళ్లు బిగుసుకుపోయే రకం కూడా ఉన్నాయి, అవి ఎక్కువగా మెదడు ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లల్లో చూస్తాం.

జనరలైజ్డ్ రకాల్లోనే ఇంకొకటి మయోక్లోనిక్, అంటే ఆ ఉలికిపాట్లు. మీరు చెప్పిన వయసు, నిద్ర లేచిన వెంటనే రావడం, నిద్ర చాలకపోవడం, చేతిలోవి జారడం, స్కాన్ నార్మల్. ఇవన్నీ కలిపితే నాకు గుర్తొచ్చేది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, జేఎంఈ అంటాం. ఎక్కువగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య మొదలవుతుంది, చదువుకూ తెలివికీ లోటు ఉండదు. ముందు ఏడాదో రెండేళ్లో ఉలికిపాట్లే ఉంటాయి, ఒకరోజు నిద్ర లేక అవి వరసగా వచ్చి పెద్ద ఫిట్‌గా ముగుస్తాయి, అప్పుడు ఆస్పత్రికి వస్తారు. కొందరికి మిణుకు మిణుకుమనే వెలుతురు కూడా పడదు. చూడకుండా నేను ఇదే అని ఖాయం చెయ్యను, కానీ మీ డాక్టరు ముందు ఈ మాట తప్పక పెట్టండి. ఎందుకంటే కార్బమజెపిన్, ఫెనిటోయిన్ ఫోకల్ ఫిట్స్‌కు మంచి మందులు, వాటితో నా దగ్గర ఏళ్ల తరబడి ఫిట్ రాకుండా బతుకుతున్నవాళ్లు ఉన్నారు, కానీ జేఎంఈలోనూ ఆబ్సెన్స్‌లోనూ అవే మందులు ఉలికిపాట్లను, చూపు నిలిచిపోవడాన్ని పెంచగలవు. మీ చెల్లెలికి జరుగుతున్నది అదే కావచ్చు. మీ డాక్టరు గారిది తప్పని నేను అనను. ఆయనకు పెద్ద ఫిట్ ఒక్కటే చెప్పారు, ఆయన దానికే మందు రాశారు.

పసిపిల్లల్లో ఒక రకం గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే అక్కడ వారాలు కూడా లెక్కే. మూడు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డ, నిద్ర లేచాక, తల ముందుకు వంచి రెండు చేతులూ చటుక్కున చాపి మళ్లీ వదిలేస్తాడు, అయిదారు సెకన్లకోసారి, వరసగా ఇరవై ముప్పై సార్లు. ఒక నాయనమ్మ నాకు ఫోన్‌లో వీడియో చూపిస్తూ "మనవడు దణ్ణం పెడుతున్నాడు, ముద్దుగా ఉందని తీశాం" అంది. ఆ ఎనిమిది నెలల పిల్లవాడు నెల రోజులుగా నవ్వడం మానేశాడు, బోర్లాపడటం మానేశాడు, అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అవి ఇన్ఫెంటైల్ స్పాజమ్స్. 1841లో విలియం వెస్ట్ అనే ఇంగ్లీషు డాక్టరు తన కొడుకులోనే ఇది చూసి మొదటిసారి రాశాడు, అందుకే వెస్ట్ సిండ్రోమ్ అంటారు. దీనికి మామూలు ఫిట్స్ మాత్రలు చాలవు, ఏసీటీహెచ్ ఇంజెక్షన్లో, స్టెరాయిడ్లో, విగాబాట్రిన్ మాత్రలో వాడతాం, ఎంత తొందరగా మొదలుపెడితే బిడ్డ ఎదుగుదల అంత దక్కుతుంది. కడుపునొప్పి అని గ్రైప్ వాటర్ పట్టిస్తూ రెండు నెలలు గడిపిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీ చుట్టుపక్కల ఎవరి బిడ్డయినా ఇలా చేస్తుంటే ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి పంపండి.

ఇక కారణాలు. రకం వేరు, కారణం వేరు, ఈ రెంటినీ కలిపేస్తే గందరగోళమే. ముందు తేల్చాల్సింది ఇది మూర్ఛ వ్యాధా, లేక ఏదో ఒక తాత్కాలిక కారణం రెచ్చగొడితే వచ్చిన ఫిట్టా అని. షుగర్ మందు వేసుకుని అన్నం తినకపోతే గ్లూకోజ్ పడిపోయి ఫిట్ రావచ్చు. వాంతులు విరేచనాలతో సోడియం తగ్గినా రావచ్చు. రోజూ తాగేవాడు హఠాత్తుగా మానేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు వస్తుంది, "తాగడం మానేస్తేనే ఫిట్స్ వచ్చాయి" అని మళ్లీ తాగించే బంధువులు ఉన్నారు, అది చెయ్యకండి, మాన్పించే పద్ధతి ఆస్పత్రిలో ఉంటుంది. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే దాన్ని మనవాళ్లు గుర్రపువాతం అంటారు, దానికి మందు మెగ్నీషియం సల్ఫేట్, గంటలు కాదు నిమిషాల పని అది. పసిపిల్లలు పూజగదిలో కర్పూరం బిళ్ల మింగినా ఫిట్స్ వస్తాయి, కర్పూరాన్ని అందే ఎత్తులో పెట్టకండి. నొప్పికి వాడే ట్రమడాల్ కూడా కొందరిలో తెస్తుంది. ఇలాంటప్పుడు మూల కారణం సరిచేస్తే చాలు, ఏళ్ల తరబడి మాత్రలు అక్కర్లేదు. జ్వరంతో వచ్చే ఫిట్స్ కూడా వేరే లెక్క. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా వస్తాయి, చాలామందికి తర్వాత మూర్ఛ వ్యాధి రాదు. కానీ పావుగంట దాటినా, ఒకవైపే కొట్టుకున్నా, ఒకే రోజు రెండుసార్లు వచ్చినా, బిడ్డ మత్తుగా ఉన్నా మెదడుపొర జ్వరం కాదని తేల్చుకోవాలి.

ఏ రెచ్చగొట్టే కారణమూ లేకుండా, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు వస్తే దాన్ని మూర్ఛ వ్యాధి అంటాం. ఒక్కసారే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువని ఈఈజీ, స్కాన్ చెబితే అప్పుడూ అంటాం. జేఎంఈ వంటి ఫలానా సిండ్రోమ్ అని తేలినా అంతే.

దీని వెనక కారణాల్లో మన దేశంలో ముందు చెప్పాల్సింది బద్దెపురుగు. దీని మీద ఉన్నంత అపోహ ఇంకోదాని మీద లేదు. "మేం పంది మాంసం ముట్టం సార్, మాకెలా వస్తుంది?" అని శాకాహారులు అడుగుతారు. సరిగ్గా ఉడకని పంది మాంసం తిన్నవాడి పేగులో పురుగు పెరుగుతుంది, అతని మలంలో గుడ్లు వస్తాయి. ఆ మలం కలిసిన నీళ్లతో పండిన ఆకుకూరో, కడగని కొత్తిమీరో, చేతులు కడుక్కోని వంటమనిషి చేత్తో కలిపిన పచ్చడో తిన్న మరొకడి ఒంట్లోకి ఆ గుడ్లు వెళ్తాయి, పిల్లపురుగులు రక్తంలో మెదడుకు చేరి సన్నని తిత్తులుగా కూర్చుంటాయి. అంటే ఫిట్స్ వచ్చినవాడు పంది మాంసం తిని ఉండాల్సిన పనే లేదు. మన దగ్గర స్కాన్‌లో ఎక్కువగా ఒకే ఒక చిన్న ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తుంది, అది చాలామందిలో మందులతోనో దానంతట అదో మాయమవుతుంది, ఫిట్స్ మాత్రలు కూడా తర్వాత ఆపగలుగుతాం. టీబీ గడ్డ కూడా దాదాపు అలాగే కనపడుతుంది కాబట్టి ఫిల్మ్ చూసి మందుల షాపులో ఆల్బెండజోల్ అనే పురుగుల మందు కొనుక్కుని మింగకండి, స్టెరాయిడ్ లేకుండా వాడితే మెదడు వాచే ప్రమాదం కూడా ఉంది.

పుట్టినప్పుడు బిడ్డ వెంటనే ఏడవకపోవడం, మొదటి రోజుల్లో పాలు అందక గ్లూకోజ్ పడిపోవడం, ఇవి తర్వాత ఫిట్స్‌గా బయటపడతాయి. బైకు మీద హెల్మెట్ లేకుండా పడి తలకు దెబ్బ తగిలితే ఏడాది తర్వాత కూడా రావచ్చు. అరవై దాటినవాళ్లకు మొదటిసారి ఫిట్ వస్తే ముందు పక్షవాతం గురించి వెతుకుతాం. బాలింతకు తలనొప్పితో ఫిట్స్ వస్తే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూస్తాం, బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పాత పద్ధతి ఇక్కడ నిజంగా హాని చేస్తుంది, దాహం వేసినన్ని నీళ్లు తాగనివ్వండి. కణుతులు కూడా కారణమే కానీ జనం భయపడేంత ఎక్కువ కాదు. చిన్నప్పుడు చాలాసేపు జ్వరం ఫిట్ వచ్చిన కొందరిలో టెంపోరల్ లోబ్ లోపల ఒక మచ్చ మిగులుతుంది, మందులకు లొంగకపోతే ఆపరేషన్‌తో బాగుపడేవాళ్లలో వీళ్లు ముందు వరసలో ఉంటారు. రెండు మందులు సరిగ్గా, చాలినంత డోసులో వాడినా ఆగకపోతే మూడోదీ నాలుగోదీ కలుపుకుంటూ పోకుండా పెద్ద ఎపిలెప్సీ సెంటర్‌కు వెళ్లమని చెబుతాను.

మన దక్షిణాది వాళ్లకు తెలియాల్సింది ఇంకొకటి, వేడినీళ్ల మూర్ఛ. దీని మీద బెంగళూరులో, కర్ణాటకలో చాలా పని జరిగింది. చెంబుతో వేడివేడి నీళ్లు గబగబా నెత్తిన పోసుకుంటున్నప్పుడు ఉన్నట్టుండి నీళ్లు పోస్తూనే ఉండిపోతారు, తర్వాత పడిపోతారు. ఒళ్లు వరకు పోసుకుంటే ఏమీ కాదు, తల మీద పడితేనే. వీళ్లకు సగం వైద్యం గోరువెచ్చని నీళ్లే, కొందరికి తలస్నానానికి ముందు ఒక మాత్ర చాలు.

స్కాన్ నార్మల్ అయితే కారణం లేదని కాదు. స్కాన్ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది, కరెంటు నడిచే తీరును చూపించదు. ఇంటి గోడలు బాగానే ఉన్నా వైరింగ్‌లో తేడా ఉన్నట్టు. జేఎంఈ వంటివి జన్యువుల వల్ల వచ్చేవి, నాడీకణం తలుపులు తెరుచుకునే తీరులో చిన్న తేడా. జన్యువుల వల్ల అంటే వంశంలో అందరికీ వస్తుందని కాదు, ఒక్క జన్యువు కాదు, చాలా చిన్న తేడాలు ఒకచోట కలవాలి. తల్లికో తండ్రికో మూర్ఛ ఉన్న పిల్లల్లో కూడా మామూలుగా నూటికి తొంభై అయిదు మందికి రాదు. మేనరికాల్లో పుట్టిన పిల్లలకు వచ్చే కొన్ని అరుదైన, తీవ్రమైన రకాలు వేరు, అక్కడ జన్యు పరీక్ష చేయించమంటాను. అన్నట్టు, పుట్టిన కొన్ని గంటలకే మొదలై ఏ మందుకూ లొంగని ఫిట్స్‌లో బీ6 విటమిన్ ఇచ్చి చూస్తాం, కొందరు బిడ్డలు దానితోనే నిలబడతారు.

ఫిట్‌లా కనపడే ప్రతిదీ ఫిట్ కాదు. ఎండలో ప్రార్థనకు నిలబడ్డ పిల్ల కళ్లు బైర్లు కమ్మి తెల్లబడి పడిపోయి, రెండు సార్లు చేతులు కదిపి, నిమిషంలోపు లేచి మాట్లాడితే అది ఎక్కువగా సొమ్మసిల్లడమే. పరిగెడుతుండగా పడిపోతే మాత్రం గుండెను చూడాలి, ఈసీజీ ఒకటి తీయించాలి. కళ్లు గట్టిగా మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ పావుగంట, అరగంట సాగేవి మనసు మీది ఒత్తిడి ఒంటి మీదికి రావడం కావచ్చు. దయచేసి దాన్ని నటన అనకండి, ఆ పిల్ల నటించడం లేదు, దానికి వైద్యం వేరే ఉంది.

మళ్లీ మీ చెల్లెలి దగ్గరికి వస్తాను. ఈఈజీ తీశారో లేదో మీరు రాయలేదు, తీయకపోతే తీయించండి. ఒకసారి నార్మల్ వచ్చినా మూర్ఛ లేదని కాదు, మొదటిసారి దాదాపు సగం మందికి నార్మలే వస్తుంది. రాత్రి నిద్ర తగ్గించి పొద్దున్నే తీస్తే దొరికే అవకాశం ఎక్కువ. జేఎంఈ అని తేలితే మందు మారుస్తారు. అన్నిటికన్నా బాగా పనిచేసేది వాల్‌ప్రొయేట్, కానీ గర్భంతో ఉండగా వాడితే పుట్టే పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, ఇంకా ఎక్కువమందికి ఎదుగుదల లోపాలు వస్తాయని తెలుసు. అందుకే ఈ వయసు అమ్మాయిలకు నేను ముందు లెవెటిరాసెటమ్ వంటిది చూస్తాను. అది కొందరికి చిరాకు, కోపం తెస్తుంది, తెస్తే చెప్పమనండి, భరించాల్సిన పని లేదు. ఈ రకం మందులకు బాగా లొంగుతుంది, కానీ ఆపేస్తే చాలామందికి తిరిగి వస్తుంది. రెండేళ్లు బాగుంది కదా అని ఆపేసి డిగ్రీ పరీక్షల రోజు పడిపోయిన పిల్లలు ఉన్నారు.

నిద్ర విషయంలో నేను కఠినంగా చెబుతాను. హాస్టల్లో రాత్రి ఒంటిగంట దాకా స్టడీ అవర్, తెల్లారి నాలుగున్నరకు లేపడం ఈ పిల్లకు పనికిరాదు. కాలేజీకి లెటర్ రాయించుకోండి, ఏడెనిమిది గంటలు పడుకోవాలి. శివరాత్రి జాగారం వద్దు. ఉపవాసం ఉన్నా మాత్ర మానకూడదు, గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుంటే దేవుడికి కోపం రాదని నేను మా పేషెంట్ల అమ్మలకు చెబుతుంటాను. ఫిట్ మళ్లీ రావడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది మాత్ర మర్చిపోవడం, రెండోది నిద్ర. చెరువులో, బావిలో ఈత వద్దు, స్నానానికి వెళ్తే గడియ వేసుకోవద్దు, బండి నడపడం సంగతి డాక్టరు చెప్పాకే.

ఇంట్లో అందరికీ ఇది నేర్పండి. ఫిట్ వస్తే టైమ్ చూసుకోండి, తల కింద మెత్తనిది పెట్టండి, ఆగిన వెంటనే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చెంచా, వేలు, నీళ్లు ఏవీ. చేతిలో తాళాలు పెట్టకండి. తాళాలు పెట్టగానే ఆగింది అంటారు, తాళాలు వెతికి తెచ్చేసరికి రెండు నిమిషాలు గడుస్తాయి, ఫిట్ ఆగే సమయం అదే. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రే ఒకటి చీటీ రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి.

పెళ్లి గురించి అమ్మగారికి చెప్పండి, మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా రాసిన మాటను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు. నా దగ్గర మందులు వాడుతూ పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నవాళ్లు ఎంతోమంది, వాళ్లలో టీచర్లున్నారు, నర్సులున్నారు. దాచి చేయకండి, అది మాత్రం నా గట్టి మాట. అత్తగారింట్లో దొంగచాటుగా మాత్ర వేసుకోలేక మానేసి, ఆషాఢంలో పుట్టింటికి వచ్చి ఇక్కడ పడిపోయిన అమ్మాయిని చూశాను. గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు సరిచూసుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, అంతే.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటి. రేపటి నుంచి వారం రోజులు పొద్దున ఆమె లేచిన గంటసేపు ఆమె అనుమతితోనే ఫోన్‌లో వీడియో తీయండి, టీ తాగుతున్నప్పుడు, జడ వేసుకుంటున్నప్పుడు. ఉలికిపాటు ఒక్కటి దొరికినా చాలు. ఒక నోట్‌బుక్కులో ఏ రోజు ఎన్ని వచ్చాయో, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకుందో, మాత్ర ఎన్నింటికి వేసుకుందో రాయండి. పెద్ద ఫిట్ రోజు మొదట చూసింది ఎవరో, అమ్మగారా, మీరా, వాళ్లనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, తర్వాత వచ్చినవాళ్లని కాదు. ఈఈజీ రోజున తలస్నానం చేయించి, నూనె పెట్టకుండా, జుట్టు బాగా ఆరాక తీసుకెళ్లండి, నూనె ఉంటే తీగలు అంటుకోవు. రిపోర్ట్ వచ్చాక అందులో రాసిన మాటలు ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.